నూరు పణాలకు నూరు పక్షులు



ఈ పూట ముందుగా ఒక లెక్క చెబుతాను. కాగితం, పెన్సిలు అందుబాటులో ఉన్నవారు రాసుకోండి. లేనివారు మనసులో పెట్టుకుంటే చాలు.

సంతలో పక్షులు అమ్ముతున్నారు. పావురాలు 3 పణాలకు 5. సారస పక్షులు 5 పణాలకు 7. హంసలు 7 పణాలకు 9. నెమళ్ళు మాత్రం ప్రియం, 9 పణాలు పెడితే వచ్చేవి 3. రాజకుమారుడి వినోదం కోసం సరిగ్గా 100 పణాలకు సరిగ్గా 100 పక్షులు తెమ్మని ఒకతన్ని పంపారు. నాలుగు జాతులూ ఉండాలి. ఏవి ఎన్ని తేవాలి?

ఈ లెక్క మహావీరాచార్యుడి గణితసార సంగ్రహంలో ఉంది. ఆయన క్రీ.శ. 850 ప్రాంతం వాడు, జైనుడు. దక్కన్‌ను ఏలిన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుణ్ణి గ్రంథారంభంలో స్తుతించాడు. అంతకు ముందు బ్రహ్మగుప్తుడి వంటివారు గణితాన్ని జ్యోతిష సిద్ధాంత గ్రంథాల్లో కొన్ని అధ్యాయాలుగా చెప్పారు. మహావీరుడు ఒక పెద్ద పుస్తకం మొత్తాన్ని గణితానికే ఇచ్చాడు. తొమ్మిది అధ్యాయాలు, పదకొండు వందలకు పైగా శ్లోకాలు. ఆ పుస్తకాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో అదే తొలి గణిత గ్రంథం.

లెక్క ఎలా చేయాలి అన్నది ఒక ప్రశ్న. అసలు సంఖ్య అంటే ఏమిటి, లోకానికీ సంఖ్యకూ ఉన్న సంబంధం ఏమిటి అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది వర్తకుడికీ కరణానికీ కావలసింది. రెండోది తత్త్వం ఆలోచించేవాడికి కావలసింది. మహావీరుడి పుస్తకంలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఇవి కలిసి ఉన్నప్పుడు గణితవిద్య వికసించింది, విడిపోయినప్పుడు ఎండిపోయింది. ఈ పావుగంటలో నేను మీతో పంచుకోదలచిన మాట ఇదే.

ముందు తత్త్వం సంగతి చూద్దాం.

గ్రంథం మొదట్లోనే మహావీరాచార్యుడు గణితాన్ని చాలాసేపు ప్రశంసిస్తాడు. లౌకిక వ్యవహారాల్లో, వైదిక కర్మల్లో, ధర్మ విషయాల్లో అన్నింటా సంఖ్య కావాలంటాడు. సంగీతానికి, నాట్యానికి, వంటకు, వైద్యానికి, వాస్తువుకు, ఛందస్సుకు, వ్యాకరణానికి గణితం అవసరమేనంటాడు. సూర్యచంద్రుల గమనం, గ్రహణాలు, ద్వీపాల, సముద్రాల, పర్వతాల కొలతలు, ప్రాణుల ఆయుర్దాయం, ఇవన్నీ గణితంతోనే తెలుస్తాయంటాడు. చివరకు మూడు లోకాల్లో చరమైనా అచరమైనా గణితాన్ని విడిచి ఉండగల వస్తువే లేదని తేల్చేస్తాడు.

పుస్తకాన్ని పొగుడుకోవడానికి రాసిన మాటలుగా వీటిని దాటేస్తే పొరపాటు. వీటి వెనక జైనుల లోతైన ఆలోచన ఉంది. లోకం ఎంత పెద్దది, కాలం ఎంత పొడవు, జీవులు ఎన్ని అని అడగడం వారి తత్త్వచింతనలో భాగం. అందుకే వారి గ్రంథాలు సంఖ్యల్ని సంఖ్యేయం, అసంఖ్యేయం, అనంతం అని విభజించాయి. లెక్కించగలిగినవి, లెక్కకు అందనివి, అంతం లేనివి అన్నమాట. ఆ మూడింటిలో మళ్ళీ ఉపభేదాలు చెప్పాయి. ఒక సంఖ్యను సగం, మళ్ళీ సగం చేస్తూ పోతే ఒకటి మిగలడానికి ఎన్నిసార్లు పడుతుందో దానికి అర్ధచ్ఛేదం అని పేరు పెట్టారు. 8కి అర్ధచ్ఛేదాలు మూడు, 16కు నాలుగు. లాగరిథమ్ చదువుకున్నవారికి ఇది వెంటనే తెలిసిపోతుంది. పెద్ద సంఖ్యలతో పని పడినప్పుడు వాటిని చేతిలోకి తెచ్చుకోవడానికి వారికి ఇటువంటి ఉపాయాలు కావలసి వచ్చాయి.

మహావీరుడి మొదటి అధ్యాయం ఈ చింతనకూ సంత వ్యవహారానికీ మధ్య తలుపు తెరుస్తుంది. అది పరిభాషల అధ్యాయం. కొలతలు పరమాణువుతో మొదలవుతాయి. పరమాణువులు కలిసి అణువు, ఆపైన రేణువు, వెంట్రుక, అంగుళం, అలా యోజనం దాకా. కాలమూ అంతే, అతి సూక్ష్మమైన సమయంతో మొదలై ఊపిరి, ముహూర్తం, దినం, మాసం, సంవత్సరం. ఆ వరసలోనే ధాన్యం కొలతలు, బంగారం తూకాలు, వెండి తూకాలు, రాగి, ఇనుము తూకాలు వస్తాయి. కంటికి కనబడని పరమాణువూ, వర్తకుడి తక్కెడలోని బంగారమూ ఒకే అధ్యాయంలో, ఒకే పద్ధతిలో. సంఖ్య ముందు రెండూ సమానమే అన్న నమ్మకం లేకపోతే ఎవరూ అలా రాయరు.

ఆ తరువాత స్థానాల పేర్లు చెబుతాడు. ఏకం, దశ, శతం, సహస్రం దగ్గర మొదలై 24 స్థానాల వరకు పేర్లు పెట్టాడు. చివరి స్థానం మహాక్షోభం. వర్తకంలో అంత పెద్ద సంఖ్య ఎవరికీ తగలదు. అయినా పేరుండాలి. పేరున్న సంఖ్య గురించే మనిషి ఆలోచించగలడు.

ఇక ఆచరణ సంగతి.

ఆనాటి గణితానికి పాటీగణితం అని పేరు. పాటి అంటే పలక. పలక మీద ధూళి పరచి వేలితోనో పుల్లతోనో అంకెలు వేసేవారు, అవసరం తీరగానే చెరిపేసేవారు. అందుకే ధూళికర్మ అని కూడా అన్నారు. గుణకారానికి కవాటసంధి అనే పద్ధతి ఒకటి మహావీరుడు చెప్పాడు. తలుపు బందులు ఒకదానిలో ఒకటి కూర్చున్నట్టు గుణ్యాన్నీ గుణకాన్నీ ఒకదాని కింద ఒకటి అమర్చి, స్థానం స్థానం జరుపుకుంటూ గుణించడం. ఒక స్థానం పని కాగానే పాత అంకె చెరిగిపోతుంది, కొత్త అంకె వస్తుంది. చివరకు పలక మీద మిగిలేది లబ్ధం ఒక్కటే.

మహావీరుడు పరికర్మలు ఎనిమిది చెప్పాడు. గుణకారం, భాగహారం, వర్గం, వర్గమూలం, ఘనం, ఘనమూలం, శ్రేఢి సంకలనం, శ్రేఢి వ్యవకలనం. మామూలు కూడికను, తీసివేతను విడిగా చెప్పలేదు. ఈ పుస్తకం చేతబట్టేవాడికి అవి ముందే వచ్చి ఉంటాయన్నది ఆయన లెక్క. తరువాత భిన్నాలు. వేరు వేరు హారాలున్న భిన్నాల్ని కలపడానికి అన్ని హారాలకూ సరిపోయే కనిష్ఠ సంఖ్యను పట్టుకునే పద్ధతి చెప్పి, దానికి నిరుద్ధం అని పేరు పెట్టాడు. బడి పిల్లలు దాన్నే క.సా.గు. అంటున్నారు. ఆపైన త్రైరాశికం, వడ్డీ లెక్కలు, పొత్తు వ్యాపారంలో వాటాలు, వేరు వేరు మెరుగు ఉన్న బంగారాలు కరిగించి కలిపితే వచ్చే మెరుగు, పొలాల వైశాల్యాలు, గోతుల ఘనపరిమాణాలు, నీడ పొడవును బట్టి పొద్దు తెలుసుకోవడం. ఒక రాజ్యంలో లెక్క చూసే ప్రతి మనిషికీ ఏదో ఒక అధ్యాయం పనికొస్తుంది.

ఉదాహరణలు మాత్రం పొడిగా ఉండవు. పద్మాల మీద వాలే తుమ్మెదలు, కొండ చరియల్లో తిరిగే ఏనుగులు, జినాలయంలో పూజకు తెచ్చిన పూలు, ప్రణయ కలహంలో తెగి చెల్లాచెదురైన ముత్యాల హారం, అన్నీ భిన్నాల లెక్కలే. షడ్రుచుల మీద ఒక లెక్క ఉంది. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు ఆరింటిలో ఒక్కొక్కటిగా, రెండేసి, మూడేసి కలుపుతూ పోతే ఎన్ని రకాల రుచులు వస్తాయి? ఒక్కొక్కటిగా 6, రెండేసి 15, మూడేసి 20, నాలుగేసి 15, అయిదేసి 6, అన్నీ కలిపి 1. మొత్తం 63. మనం ఉగాదినాడు చేసుకునే పచ్చడి ఆ అరవై మూడింటిలో చివరిది. ఏ సంఖ్యకైనా వర్తించేలా ఈ సంయోగాల సూత్రాన్ని చెప్పినవారిలో మహావీరుణ్ణి మొదటివాడిగా గణిత చరిత్రకారులు గుర్తించారు.

గుణకారం నేర్పడానికి ఆయన ఎంచుకున్న సంఖ్యలు చూడండి. 152207ను 73తో గుణించండి, 11111111 వస్తుంది, ఎనిమిది ఒకట్లు. 27994681ని 441తో గుణించండి, 12345654321 వస్తుంది. ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి, మళ్ళీ ఒకటి దాకా దిగుతుంది. 142857143ను 7తో గుణిస్తే 1000000001, రెండు చివర్లా రెండు ఒకట్లు, నడుమ అన్నీ సున్నాలు. ఇటువంటి లబ్ధాల్ని ఆయన రాజుల కంఠాభరణాలతో పోల్చాడు. విద్యార్థి తప్పు చేస్తే హారం కుదరదు, తప్పు వెంటనే కంటికి కనిపిస్తుంది. సరిగ్గా చేస్తే సంఖ్యలోని అందం కళ్ళ ముందుకు వస్తుంది. సాధన, సరిచూడటం, సౌందర్యం మూడూ ఒకే లెక్కలో ఇమిడ్చిన గురువు ఆయన.

ఆయన ఎదుర్కొన్న కష్టమైన ప్రశ్నలూ ఉన్నాయి. రుణ సంఖ్య తన స్వభావం చేతనే వర్గం కాజాలదు గనుక దానికి వర్గమూలం లేదని స్పష్టంగా చెప్పాడు. ఆ కాలానికి అది గొప్ప తెలివిడి. సున్నాతో ఏ సంఖ్యను గుణించినా సున్నాయే అన్నాడు, అదీ సరే. సున్నాతో భాగిస్తే సంఖ్య మారదు అన్నాడు. అది సరికాదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ఈ ప్రశ్నను మరోలా చూశాడు. 1150లో లీలావతి రాసిన భాస్కరుడు సున్నాతో భాగించినదాన్ని ఖహరం అని పిలిచి, దాన్ని అనంతంతో ముడిపెట్టాడు. నేటి గణితం సున్నాతో భాగహారాన్ని నిర్వచించనే నిర్వచించదు. సంతలో ఎవరూ సున్నాతో భాగించరు. వ్యవహారం ఒక్కటే చాలనుకుంటే ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు. శతాబ్దాల పాటు మన పండితులు దాన్ని వదిలిపెట్టలేదంటే, లెక్క వెనక ఉన్న అర్థం వారికి ముఖ్యం కాబట్టే.

ఇప్పుడు పక్షుల లెక్కకు వద్దాం.

పావురాల కట్టకు 5 పక్షులు, 3 పణాలు. పణాల కంటే పక్షులు రెండు ఎక్కువ. సారసాల కట్టకు 7 పక్షులు, 5 పణాలు, అక్కడా రెండు ఎక్కువ. హంసలు 9, పణాలు 7, అక్కడా రెండే. నెమళ్ళ దగ్గర తిరగబడుతుంది. పక్షులు 3, పణాలు 9, పక్షులు ఆరు తక్కువ. చివరకు పక్షులూ పణాలూ రెండూ నూరే కావాలి కనుక, ఈ ఎక్కువ ఆ తక్కువకు సరిపోవాలి. ఒక నెమళ్ళ కట్ట వల్ల వచ్చే ఆరు లోటును తీర్చడానికి మిగతా జాతుల కట్టలు మూడు కావాలి. ఇది తెలిశాక లెక్క సగం అయిపోయినట్టే. నెమళ్ళు 4 కట్టలు తీసుకోండి. మిగతావి 12 కట్టలు కావాలి. పావురాలు 3 కట్టలు, సారసాలు 4, హంసలు 5 అనుకుంటే, పక్షులు 15, 28, 45, నెమళ్ళు 12. కూడితే 100. పణాలు 9, 20, 35, 36. కూడితే 100.

అయితే జవాబు ఇదొక్కటే అనుకోకండి. పావురాలు 1 కట్ట, సారసాలు 8, హంసలు 3, నెమళ్ళు 4 కట్టలు తీసుకున్నా కుదురుతుంది. కట్టలు విడదీయకుండా, నాలుగు జాతులూ ఉండేటట్టు కొంటే మొత్తం ఆరు జవాబులు. మిగిలిన నాలుగు మీరే పట్టుకోండి.

ఇటువంటి నూటి లెక్క మధ్యయుగ ప్రపంచంలో చాలాచోట్ల కనిపిస్తుంది. చైనాలో 5వ శతాబ్దపు జాంగ్ చియుజియన్ పుస్తకంలో నూరు నాణేలకు నూరు కోళ్ళు కొనే లెక్క ఉంది. ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ కొలువులో పండితుడైన అల్క్విన్ కూర్చాడని చెప్పే లెక్కల్లో నూరుమందికి నూరు కుంచాల ధాన్యం పంచే లెక్క ఉంది. ఈజిప్టు గణితజ్ఞుడు అబూ కామిల్ ఈ పక్షుల లెక్కల మీదే ఒక పుస్తకం రాశాడు. చాలామంది తోచిన జవాబు ఒకటి చెప్పి అదే సరి అనుకుంటున్నారని బాధపడి, అన్ని జవాబులూ పట్టే పద్ధతి చెప్పాడు. ఒక లెక్కకు ఆయన లెక్కించిన జవాబులు 2676. ఇటలీలోని పీసా నగరానికి చెందిన ఫిబొనాచీ ముప్పై నాణేలకు ముప్పై పక్షులు కొనమన్నాడు. పక్షులు కొనే మనిషికి ఒక్క జవాబు దొరికితే పని అయిపోతుంది. ఎన్ని జవాబులున్నాయి, ఇంకేమీ మిగిలిపోలేదని ఎలా చెప్పగలం అని అడిగినప్పుడు ఆ లెక్క శాస్త్రమవుతుంది. అబూ కామిల్ అడిగింది అదే.

యూరప్ పేరు వచ్చింది గనుక, అక్కడ తత్త్వం, ఆచరణ అనే ఈ రెండు దారులూ విడిపోయిన తీరు కొంచెం చెప్పాలి. 6వ శతాబ్దం మొదట్లో బొయీథియస్ అనే రోమన్ పండితుడు, గ్రీకు రచయిత నికోమాకస్‌ను అనుసరించి లాటిన్‌లో ఒక అంకగణిత గ్రంథం రాశాడు. వెయ్యేళ్ళపాటు మఠాల్లో, విశ్వవిద్యాలయాల్లో అదే ప్రమాణం. అంకగణితం, క్షేత్రగణితం, సంగీతం, ఖగోళం నాలుగూ చదవాలి, అన్నింటికీ మూలం అంకగణితం అన్నారు. ఆ గ్రంథంలో సరి, బేసి సంఖ్యలు, వాటి భేదాలు, నిష్పత్తులు ఉంటాయి. షడ్జానికీ పంచమానికీ ఉన్న 3:2 నిష్పత్తి వంటివి సంగీతానికి అందులోంచే వచ్చాయి. పరిపూర్ణ సంఖ్యలుంటాయి. 6 పరిపూర్ణం, దాని భాజకాలు 1, 2, 3 కూడితే ఆరే వస్తుంది. దేవుడు లోకాన్ని ఆరు రోజుల్లో సృష్టించడానికి ఆరు పరిపూర్ణ సంఖ్య కావడమే కారణమని సెయింట్ అగస్టీన్ అంతకు ముందే రాశాడు. ఆలోచన గొప్పదే. వడ్డీ కట్టడానికి, ధాన్యం పంచడానికి మాత్రం ఆ గ్రంథం దాదాపు పనికిరాదు. లెక్క చేసేవారు గీతలు గీసిన బల్ల మీద బిళ్ళలు జరుపుకుంటూ చేసేవారు, వచ్చిన జవాబును రోమన్ అంకెల్లో రాసేవారు. సంఖ్యను గురించి ఆలోచించేవారు ఒకవైపు, సంఖ్యతో పనిచేసేవారు ఒకవైపు.

వాటిని మళ్ళీ కలిపినవి మన దేశపు అంకెలు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ ఈ అంకెలతో లెక్క చేసే విధానం రాశాడు. 12వ శతాబ్దంలో అది లాటిన్‌లోకి వెళ్ళింది. పీసా వర్తకుల తరఫున సుంకాల కార్యాలయంలో పనిచేసే తండ్రి దగ్గరికి, నేటి అల్జీరియాలోని బుజియా రేవుకు చిన్నతనంలో వెళ్ళిన ఫిబొనాచీ అక్కడ ఈ అంకెలు నేర్చుకున్నాడు. 1202లో లిబేర్ అబాచీ రాశాడు. మొదటి అధ్యాయంలోనే భారతీయుల తొమ్మిది అంకెలు, వాటితోపాటు సున్నా ఉంటే ఏ సంఖ్యనైనా రాయవచ్చని చెప్పాడు. అంత తేలిగ్గా అందరూ ఒప్పుకోలేదు. 1299లో ఫ్లోరెన్స్ నగరపు ద్రవ్య మార్పిడి వర్తకుల సంఘం, ఖాతా పుస్తకాల్లో ఈ కొత్త అంకెలు వాడరాదని నియమం పెట్టింది. అయినా ఇటలీ పట్టణాల్లో వర్తకుల పిల్లలకు లెక్కలు నేర్పే బడులు వెలిశాయి. ఆ బడులు తీర్చిదిద్దిన లెక్క నుంచే తరువాతి శతాబ్దాల యూరప్ బీజగణితం ఎదిగింది. ఆచరణ అందాకే అక్కడ ఆలోచనకు మళ్ళీ రెక్కలు వచ్చాయి.

ఇక మన మల్లన.

పావులూరి మల్లన తూర్పు చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడి కాలంవాడని ఒక వాదం. అంటే 11వ శతాబ్దం, నన్నయ భారతం రాస్తున్న రోజులు. పుస్తకం రాసింది ఆయన మనవడైన మరో మల్లన గనుక అది 12వ శతాబ్దమని ఇంకో వాదం. ఏదేమైనా, తెలుగు సాహిత్యం తొలి అడుగులు వేస్తున్న రోజుల్లోనే ఒక కవి, పురాణంతో పాటు గణితం కూడా తెలుగులో ఉండాలనుకున్నాడు. సారసంగ్రహ గణితం అని పేరు పెట్టాడు. జనం పావులూరి గణితం అన్నారు. మూలంలోని జైన వాతావరణాన్ని తన శైవానికి తగ్గట్టు మార్చుకున్నాడు. శ్లోకాల్ని కందాలుగా, వృత్తాలుగా మలిచాడు. మక్కీకి మక్కి అనువాదంగా కాక, తెలుగువాడికి తగిన పుస్తకంగా తీర్చాడు.

ఆయన ప్రతిభ తెలియాలంటే చదరంగం పద్యం ఒక్కటి చాలు. చదరంగంలో 64 గళ్ళు. మొదటి గడిలో 1, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా గడిగడికీ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత? 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల సంఖ్య. దీన్ని ఒక చంపకమాలలో ఇమిడ్చాడు. అంకెకు బదులు వస్తువు పేరు చెప్పే భూతసంఖ్యా పద్ధతి అది. మన్మథుడి బాణాలు అయిదు గనుక శరం అంటే 5, చంద్రుడు ఒక్కడే గనుక శశి అంటే 1, అగ్నులు మూడు, వేదాలు నాలుగు, కులపర్వతాలు ఏడు గనుక గిరి అంటే 7, దిగ్గజాలు ఎనిమిది గనుక ఏనుగు అంటే 8, ఆకాశం సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు నడుస్తూ పోవాలి. పద్యం బాణంతో మొదలవుతుంది, అది ఒకట్ల స్థానంలోని 5. చంద్రుడితో సంఖ్య ముగుస్తుంది, అది అన్నింటికన్నా పెద్ద స్థానంలోని 1.

ఇది పాండిత్య ప్రదర్శన కోసం చేసిన పని అనుకోకండి. తాటాకు మీద అంకెలు రాస్తే, నకలు రాసేవాడి చేతిలో 5 ఇంకొకటి కావచ్చు, ఎవరికీ తెలియదు. చంపకమాలలో ఒక మాట జారితే చాలాసార్లు గణం చెడుతుంది, యతి తప్పుతుంది, చదివేవాడి చెవి పట్టేస్తుంది. ఒకే అంకెకు శశి, చంద్రుడు, తుహినాంశుడు అని ఎన్నో పేర్లుండటం వల్ల ఏ గణంలోనైనా దాన్ని కూర్చోబెట్టవచ్చు. ఇరవై అంకెలు చెక్కుచెదరకుండా వందల ఏళ్ళు మనదాకా వచ్చాయంటే ఛందస్సు కాపలా కాయబట్టే. మీరు ఇప్పుడు యంత్రం మీద 2ను 64 సార్లు గుణించి ఒకటి తీసేయండి, మల్లన చెప్పిన సంఖ్యే వస్తుంది. మన శాసనాల్లో శకవర్షాలు ఈ పద్ధతిలోనే చెప్పడం చరిత్ర చదివినవారికి తెలిసిందే.

మల్లన తరువాత ఎలుగంటి పెద్దన లీలావతిని ఆధారం చేసుకుని ప్రకీర్ణ గణితం రాశాడు. లెక్కను తెలుగులో చెప్పవచ్చా అన్న సందేహం ఆ కవులకు లేదు. భూమి కొలిచేది తెలుగువాడు, ధాన్యం పంచుకునేది తెలుగువాడు, వడ్డీకి ఇచ్చేదీ తెచ్చుకునేదీ తెలుగువాడే అయినప్పుడు, ఆ శాస్త్రం తెలుగులో ఉండటం వారికి సహజంగా తోచింది.

వీరి పుస్తకాల్లో తప్పులు లేవని నేను అనను. సున్నాతో భాగహారం సంగతి ఇంతకు ముందే చెప్పాను. సూత్రం చెబుతారు గానీ దాని ఉపపత్తిని, అంటే నిరూపణను, పద్యంలో చెప్పరు. ఆ పని గురువుకు, వ్యాఖ్యాతకు వదిలేశారు. గురువు మంచివాడైతే విద్యార్థికి కారణం తెలిసేది, కాకపోతే సూత్రం వల్లెవేయడంతో సరిపోయేది. తరువాతి కాలంలో మన వీధిబడుల్లో ఎక్కాలు, భిన్నాల పట్టీలు కంఠస్థం చేయించడం మిగిలి, ఎందుకు అన్న ప్రశ్న చాలాచోట్ల వెనకబడింది. ఇక్కడా రెండు దారులు విడిపోయాయి. నష్టం మనకే జరిగింది.

ఇవాళ మన పిల్లల లెక్కల చదువులో ఆ ఎడబాటే మళ్ళీ చూస్తున్నాను. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడం, సూత్రంలో సంఖ్యలు వేసి తొందరగా తేల్చడం, ఇదే గణితం అయిపోయింది. వేగం మంచిదే, దాన్ని కాదనను. కానీ జవాబు రాగానే ఆగిపోయే పిల్లవాడికి సంఖ్య మీద ప్రేమ పుట్టదు. ఇంకో జవాబు ఉందా, ఉంటే ఎన్ని, లేదంటే ఎందుకు లేదు అని అడగడం నేర్చిన పిల్లవాడు ఏ శాస్త్రంలోనైనా నిలదొక్కుకుంటాడు.

అందుకే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటి. వారానికి ఒక్క లెక్కయినా ఒకటికన్నా ఎక్కువ జవాబులున్నది ఇవ్వండి. పిల్లలు తెచ్చిన జవాబులన్నీ నల్లబల్ల మీద రాయించి, ఇంకేమీ మిగల్లేదని వాళ్ళచేతే నిరూపింపజేయండి. తల్లిదండ్రులకు మరొకటి. లెక్క తప్పిందని కోప్పడే ముందు, ఎలా చేశావో చెప్పు అని అడగండి. తెలుగులోనే చెప్పనివ్వండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు, మన విశ్వవిద్యాలయాలకు ఇంకొక మాట. పావులూరి గణితం పరిశోధకుల బల్ల మీద మాత్రమే ఉండవలసిన పుస్తకం కాదు. పద్యం, తాత్పర్యం, నేటి పద్ధతిలో సాధన, ఈ మూడింటితో అది ప్రతి బడి గ్రంథాలయంలో ఉండాలి. లెక్కల పుస్తకంలో మల్లన లెక్క ఒకటి, తెలుగు వాచకంలో మల్లన పద్యం ఒకటి ఉండాలి. దాదాపు వెయ్యేళ్ళ కిందటే తన భాషలో గణితం చెప్పుకున్న జాతి మనది. ఆ సంగతి మన పిల్లలకు తెలియజేసే బాధ్యత మనందరిదీ.